వరద తరువాత బావి నీరు: వడకట్టడం చాలదు
వరద తీసి బావి నీరు తేరుకున్నాక కూడా ఇంట్లో ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాయని, గుడ్డతో వడకడితే చాలునా అని అడిగారు. చాలదండి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు వేసి వడకట్టినప్పుడు కలరా దాదాపు సగానికి తగ్గిన మాట నిజమే; ఆ బాక్టీరియా నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని ఉండటమే అందుకు కారణం. విడిగా తిరిగే కలరా, టైఫాయిడ్ బాక్టీరియా మాత్రం గుడ్డలోంచి సులువుగా జారిపోతాయి, నీరు ఎంత తేటగా కనిపించినా సరే.

ఈ రోజు నుంచే నీళ్లు తెర్లి పొంగేదాకా కాచి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చుకోండి.

బావికి వెయ్యి లీటర్లకు కనీసం 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కావాలి. మీ బావి 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీటి లోతు ఉంటే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. పొడిని బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాల్లో అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే బావిలో కలపండి. సున్నం పడితే నీటి కఠినత్వం పెరుగుతుంది. గంట తరువాత క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. వరద మురికి క్లోరిన్‌ను తినేస్తుంది కనుక తక్కువైతే మళ్లీ వేయండి.

విరేచనం బియ్యం కడిగిన నీళ్లలా ఉంటే ఓఆర్‌ఎస్ తాగిస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, దయచేసి తెల్లవారేదాకా ఆగవద్దు.