'వాళ్లకి మోటివేషన్ లేదు' అని రాసేముందు

ప్రశ్న: టెక్సస్‌లో మాస్టర్స్ చేస్తూ క్యాంపస్ ట్యూటరింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. కాలిక్యులస్‌కి వచ్చేవాళ్లలో హిస్పానిక్ (మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) విద్యార్థులే ఎక్కువ. 'మ్యాథ్స్ నా వల్ల కాదు' అని మధ్యలో మానేస్తున్నారు. వాళ్లలో మోటివేషన్ పెంచడం మీద థీసిస్ చేయొచ్చా?

జవాబు: చేయండి, కాకపోతే ప్రశ్న మార్చండి. మోటివేషన్ లేదని మీరు ముందే తేల్చేశారు. పొద్దున క్లాసు, సాయంత్రం షాపులో షిఫ్టు, వచ్చిన డబ్బులో ఇంటి అద్దెకి కొంత, వీటన్నిటి మధ్య మీ దగ్గరికి వచ్చి కూర్చున్నవాడికి పట్టుదల లేదని ఎలా అంటాం? పోనీ లోన్ తీర్చాలి, ఇంటికి పంపాలి అని చదువుతున్న మన పిల్లల్ని అలా అంటామా!

1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో గణితవేత్త యూరీ ట్రైస్‌మన్‌కి ఇదే ఎదురైంది. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఫెయిలవుతుంటే శ్రద్ధ లేదనీ ఇంట్లో పట్టించుకోరనీ అధ్యాపకులు అనుకున్నారు. ఆయన దగ్గరుండి చూస్తే రెండూ తప్పే. గంటలు గంటలు చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనీస్ విద్యార్థులేమో కలిసి కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. అప్పుడాయన ఇంకా కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా చేయించారు, వెనకబడినవాళ్లకంటూ పెట్టే రెమెడియల్ క్లాసు పెట్టలేదు. ఆ పద్ధతే 1988లో మీ టెక్సస్‌కి, ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి వచ్చింది, అక్కడ హిస్పానిక్ విద్యార్థులూ చేరారు.

'నా వల్ల కాదు' అన్నది మొత్తం మనిషి గురించిన మాట కాదు. చదువు విషయంలో తన మీద తనకుండే అంచనా సబ్జెక్టుకో రకంగా ఉంటుందని మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ చూపించారు, విద్యార్థి పక్కవాడితోనే కాదు, తన ఇంగ్లిష్ మార్కులతోనూ తన లెక్కల్ని పోల్చుకుంటాడు. అందుకే 'యూ కెన్ డూ ఇట్' స్పీచులు అంతగా పనిచేయవు. ఇంకో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండ్యూరా చెప్పిందీ అదే, నమ్మకం అన్నిటికన్నా గట్టిగా కుదిరేది స్వయంగా చేసి నెగ్గినప్పుడే. వచ్చే వారం నుంచి నలుగురినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చూడండి.

థీసిస్‌లో 'ఇంటి కోసం చదువుతున్నాను' అనే కారణాన్ని బలహీనతగా లెక్కేయొద్దు, అమెరికన్ కాలేజీలు 'నీ కోసం నువ్వు' అన్నదాన్నే ఎక్కువ మెచ్చుకుంటాయి కాబట్టి ఈ పిల్లలు ఇరుకున పడతారు. హిస్పానిక్ అంటే ఒకే గాట కట్టకండి, మూడో తరం మెక్సికన్ అమెరికన్ వేరు, నిన్న వచ్చిన హోండురాస్ కుర్రాడు వేరు. ఇంటర్వ్యూలు మొదలెట్టేముందు యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే కమిటీ) అనుమతి తీసుకోండి, మీ దగ్గర ట్యూషన్‌కి వచ్చేవాళ్లని మాత్రం అందులోకి లాగొద్దు, మీకు కాదని చెప్పడానికి మొహమాటపడతారు.