పార్కిన్సన్స్ మందు సరే, పక్కన మింగేవాటి సంగతేంటి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు, పార్కిన్సన్స్. సిన్‌డోపా మూడు పూటలా వేస్తున్నాం. నీరసమని ఐరన్ మాత్ర, పాలలో ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టాక కాళ్లు మళ్లీ బిగుసుకుపోతున్నాయి. కో-ఎంజైమ్ క్యూ10 అనే సప్లిమెంటు వాడమని బంధువులంటున్నారు. వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొత్తది కొనేముందు, ఉన్న మందు ఏ వేళకి, దేనితో కలిసి కడుపులో పడుతోందో చూడండి. సిన్‌డోపాలో అసలు పనిచేసేది లెవోడోపా. పాలు, పప్పు, గుడ్డు, ప్రోటీన్ పౌడర్ అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలు పేగు గోడ దాటే దారీ, రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారీ దీనికీ అవే. రద్దీ పెరిగితే లెవోడోపా గుమ్మం బయటే నిలబడిపోతుంది. ఐరన్‌ది ఇంకో పేచీ: కడుపులోనే లెవోడోపాని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. పైగా మలబద్ధకం పెంచుతుంది. ఈ జబ్బులో అది ముందే ఉంటుంది.

అందుకని మందు భోజనానికి అరగంట నుంచి గంట ముందు, నిండు గ్లాసు నీళ్లతో వేయండి. ఉదయం 7కి మాత్ర, 8కి ఇడ్లీ. వికారమనిపిస్తే మాత్రతో గుప్పెడు మరమరాలు ఇవ్వండి, పాలు మాత్రం వద్దు. ఐరన్‌కీ మందుకీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి. మల్టీవిటమిన్లలోనూ ఐరన్ ఉంటుంది, డబ్బా వెనక చదవండి. అసలు ఐరన్ అవసరమో లేదో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చూపిస్తాయి. ప్రోటీన్ మానిపించకండి, కండ కరిగిపోతుంది. ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి మార్చండి. ఓ వారం పాటు మాత్ర వేసిన టైము, తిన్న టైము, బిగుసుకున్న టైము రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. డోసు మార్చాలో వేళ మార్చాలో ఆ కాగితమే చెబుతుంది.

ఇక క్యూ10. ఉత్తర అమెరికాలో 600 మందిపై చేసి 2014లో వెల్లడించిన పరీక్షలో రోజుకు 1200, 2400 మి.గ్రా. మోతాదులు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కంటే వాళ్లకేమీ మేలు జరగలేదు. 1741 మందిపై సాగిన క్రియాటిన్ (కండ కోసం వాడే పొడి) పరీక్షా (రోజుకు 10 గ్రాములు) అలాగే తేలింది. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

ప్రశ్న: సిన్‌డోపా బదులు దూలగొండి గింజల పొడి వాడితే?
- ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. చిక్కు కూడా అక్కడే. గింజను బట్టి 4 నుంచి 6 శాతం దాకా మారుతుంది. అంటే 5 గ్రాముల పొడిలో 200 మి.గ్రా. ఉండొచ్చు, 300 ఉండొచ్చు. సిన్‌డోపా 110లో లెక్కగా 100 మి.గ్రా. ఉంటుంది, తోడుగా కార్బిడోపా. ఆ తోడు లేకపోతే లెవోడోపాలో చాలా భాగం మెదడు చేరకముందే విరిగిపోయి వాంతులు తెప్పిస్తుంది, బీపీ పడేస్తుంది. ఈ పొడీ, సిన్‌డోపా రెండూ కలిపి వాడితే ఒళ్లు మెలికలు తిరిగే ప్రమాదం. అన్నిటికంటే పెద్ద తప్పు, సిన్‌డోపాని ఒక్కసారిగా ఆపేయడం: తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యబారడంతో ప్రాణం మీదికి రావచ్చు.

ప్రశ్న: అమ్మకి 72 ఏళ్లు, మతిమరుపు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గుండెకు ఆస్పిరిన్ వాడుతుంది. మేం శాకాహారులం. జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: వద్దు. అమెరికాలోనే 75 దాటిన 3069 మందిపై చేసిన పరీక్షలో (2008) 120 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చినా డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) రావడం తగ్గలేదు. ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం భయం ఒకటి.

ఆవిడకు ముందు చూడాల్సింది బీ12. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, దానికి తోడు శాకాహారం: లోపానికి రెండు కారణాలు ఇంట్లోనే ఉన్నాయి. మాత్రలు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి. తర్వాత ఇస్తే అంకె పెరిగిపోయి లోపం దాగిపోతుంది. థైరాయిడ్ కూడా అప్పుడే చూపించండి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వకండి: రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. లోపం తేలితే ఇంజెక్షన్లతో మతిమరుపు కొంత తగ్గొచ్చు. బీ12 సరిపడా ఉండి, జబ్బు అల్జీమర్స్ అయితే ఆ ఇంజెక్షన్లతో పని లేదు.