ఎమోషన్స్ మీద ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేయొచ్చా? కంప్యూటర్‌కు మనిషి మనసు తెలుస్తుందా?

ప్రశ్న అడిగింది మహబూబ్‌నగర్‌లో సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్ చదువుతున్న విద్యార్థి. వెబ్‌క్యామ్‌లో ముఖం చూసి కోపమా, సంతోషమా, బాధా అని చెప్పే ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్నారట. గైడ్ కూడా సరే అన్నారట. "కానీ అలా చెప్పినంత మాత్రాన కంప్యూటర్‌కు మనిషి ఎమోషన్ తెలిసినట్టేనా? ఇంకో దారి ఏమైనా ఉందా?" అన్నది వారి సందేహం.

టాపిక్ మంచిది, వదలకండి. కానీ ముఖం మీద మాత్రం చేయకండి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రెండేళ్లు ఇదే పని చేశాను. ఫోన్ చేసిన కస్టమర్ కోపంగా ఉన్నాడా లేదా అన్నది గొంతు విని చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు ఒక ఊరు. ఆఫీసులో నేర్చుకున్నదానికంటే ఒక దసరా సెలవుల్లో ఇంట్లో నేర్చుకున్నదే ఎక్కువ. అదే చెప్తాను.

ముందు ముఖం సంగతి. మీరు వాడబోయేది దాదాపు ఎఫ్‌ఈఆర్-2013 డేటాసెట్టే అయి ఉంటుంది, అందరూ దాంతోనే మొదలుపెడతారు. 48×48 పిక్సెళ్ల నలుపు తెలుపు ముఖాల బొమ్మలు 35,887, ఒక్కోదానికి ఏడు ఎమోషన్లలో ఒక లేబుల్. ఆ బొమ్మలు చూసి మనుషులే సుమారు 65 శాతం వరకే సరిగ్గా చెప్పగలిగారు. అసహ్యం అనే లేబుల్‌కు ఉన్నవి 547 బొమ్మలు మాత్రమే. దీని వెనకాల ఉన్న ఆలోచన పాల్ ఎక్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టుది. ఆయన, ఫ్రీసెన్ కలిసి 1978లో ముఖంలోని ఒక్కో కదలికకు ఒక్కో నంబరు ఇచ్చారు. చెంప పైకి లేస్తే 6, పెదవి కొస పైకి లాగితే 12. ఆరూ పన్నెండూ కలిస్తే సంతోషం.

ఇలా ముఖం చూసి చెప్పే ప్రోగ్రాం ఒకటి పెట్టి, మా చిన్నమ్మను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. మనవరాలి ముచ్చట్లు చెప్తూ ఒకటే నవ్వు. ప్రోగ్రాం మాత్రం కాసేపు "భయం" అంది, కాసేపు "ఆశ్చర్యం" అంది. ఎందుకంటే చిన్నమ్మ నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మా ఊళ్లో ఆ తరం ఆడవాళ్లలో చాలామందిది ఇదే అలవాటు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గార పట్టాయి, నలుగురిలో పళ్లు కనబడనివ్వరు. పన్నెండో నంబరు కదలిక కొంగు వెనకాల ఉంది. కెమెరాకు దొరికింది పైకి లేచిన కనుబొమ్మలే. ఆ డేటాసెట్‌లో ఇలాంటి నవ్వులు ఎన్ని ఉంటాయి చెప్పండి.

ఇది మా ఊరి ఇబ్బంది ఒక్కటే కాదు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు సైకాలజిస్టులు 2019లో ఈ పరిశోధనలన్నీ తిరగేసి, కోపం వచ్చినప్పుడు మనుషులు మొహం చిట్లించేది సగటున 30 శాతం లోపు సార్లేనని చూపించారు. కోపం లేకుండా చిట్లించేదీ ఉంది. మైక్రోసాఫ్ట్ 2022లో తన ఫేస్ సర్వీసులోంచి ఎమోషన్ చెప్పే భాగాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. యూరప్‌లోనైతే 2025 ఫిబ్రవరి నుంచి ఆఫీసుల్లో, చదువుకునే చోట్ల ఎమోషన్ గుర్తించే సిస్టమ్‌లు పెట్టడం నిషేధం, వైద్యానికీ భద్రతకూ తప్ప. మీ వైవాలో ఎవరైనా "క్లాసులో పిల్లలు శ్రద్ధగా వింటున్నారా లేదా చూడటానికి వాడొచ్చు కదా" అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక గొంతు. మా టీమ్ మోడల్‌ను, అంటే గొంతు విని చెప్పే ఆ ప్రోగ్రాంను, ట్రైన్ చేసింది బెర్లిన్ డేటాతో, ఇంకో రెండు ఇంగ్లీషు డేటాలతో. బెర్లిన్ దాంట్లో పదిమంది నటులు జర్మన్ వాక్యాలు పలికిన 535 రికార్డింగులు ఉంటాయి. తెలుగుకు ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2009లో తయారుచేసిన డేటా ఉంది. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది, 15 వాక్యాలు, ఎనిమిది ఎమోషన్లు, పది విడతలు, మొత్తం 12,000 రికార్డింగులు. మన భాషకు అలాంటిది ఉండటమే గొప్ప, ఆ పనిని నేను చాలా గౌరవిస్తాను. కానీ అవి రేడియోలో ఆరితేరిన గొంతులు, ఇచ్చిన వాక్యాన్ని కోపంగానో జాలిగానో పలికినవి. మర్రిగూడలో వాకిట్లో నిలబడి మాట్లాడే మాట వేరే.

ఆ దసరాకు ఇంట్లో అందరికీ చెప్పి వారం రోజులు ఫోన్‌లో మాటలు రికార్డు చేశాను. అందులో రెండు క్లిప్పులు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

మొదటిది మా పెద్దమ్మది. మనవడు మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చాడు. "ఏడ వోయినవ్‌రా పొద్దుగాల్నుంచి? బువ్వ తినే సోయి ఉన్నదా లేదా నీకు? నీ మొకం మండ, రా కూసో!" అని కంచం పెట్టింది. శ్రుతి ఎక్కువ, శబ్దం ఎక్కువ, మాట వేగం ఎక్కువ. మోడల్ ఏ అనుమానమూ లేకుండా "కోపం" అంది. అది కోపం కాదని మన దిక్కు ఎవరినడిగినా చెప్తారు.

రెండోది మా నాయనది. బత్తాయి తోటలో మూడో బోరు వేయించిన రోజు. 600 ఫీట్లు పోయినా పొడి దుమ్మే లేచింది. సాయంత్రం అప్పిచ్చినాయన ఫోన్ చేస్తే నాయన అన్నది ఇంతే: "పడలే. ఆ… బండి వోయింది. ఇగ ఏం జేస్తం. రేపు మాట్లాడుదాం." మోడల్ "మామూలు" అంది. ఆ రాత్రి నాయన రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. కొట్టంలోకి పోయి చీకట్లో బర్రె మెడ నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీ నాయన గొంతు తగ్గిందంటే కడుపుల దాసుకున్నడన్నట్టు. నువ్వేం అడగకు" అంది.

అమ్మకు తెలిసింది మోడల్‌కు ఎందుకు తెలియలేదు? అమ్మ కూడా ఆ గొంతే విన్నది. కానీ ఆమెకు మూడో బోరు అని తెలుసు, అప్పు సంగతి తెలుసు, తోట ఎండుతోందని తెలుసు. మన పాత నాట్యశాస్త్రంలో భావానికి కారణాన్ని విభావం అన్నారు, బయటికి కనబడే గుర్తును అనుభావం అన్నారు. మేం ఆఫీసులో చేసిన పని విభావం తీసేసి అనుభావం ఒక్కటే ఇచ్చి, ఇది ఏ రసమో చెప్పమని మిషన్‌ను అడగడమే.

కారణం వైపు నుంచి వచ్చే మోడళ్లు కూడా ఎప్పటి నుంచో ఉన్నాయి. మీ ప్రాజెక్టుకు నేను చెప్పే దారి ఇదే. ఆర్టొనీ, క్లోర్, కాలిన్స్ అనే ముగ్గురు 1988లో ఇచ్చిన ఓసీసీ మోడల్ చదవండి. 22 ఎమోషన్లు. ఒక్కోటి ఎలా పుడుతుందో దాదాపు ప్రోగ్రాం రాసుకునేలాగే చెప్పారు. జరిగిన సంఘటన నాకు కావలసినదా కాదా? దాన్ని చేసినవాళ్లు మెచ్చుకోదగ్గ పని చేశారా, తప్పు చేశారా? ఎదురుగా ఉన్నది నాకు ఇష్టమా కాదా? ఈ మూడు ప్రశ్నల మీదే అంతా నడుస్తుంది.

నాయన సంగతి దాంట్లో పెట్టి చూస్తాను. బోరు వేయకముందు నీళ్లు పడతాయని ఆశ. పడలేదు, అంటే ఆశాభంగం. అది ఎంత తీవ్రం అన్నది ఆశ ఎంత ఉండింది, ఎంత శ్రమ పెట్టారు, అనుకున్నదాంట్లో ఎంత జరిగింది అన్న మూడింటి మీద ఉంటుంది. మూడో బోరు, అప్పు తెచ్చిన డబ్బు, చుక్క నీరు లేదు. అంటే పూర్తి తీవ్రత. ఇక తప్పు ఎవరిది? కొబ్బరికాయ పట్టి పాయింట్ చూసినాయనది అనుకుంటే బాధకు నింద తోడై కోపం అవుతుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది: ఆయన చూపించింది తూర్పు గట్టు దగ్గర. పైపులైన్ ఖర్చు తగ్గుతుందని మోటారు రూమ్ పక్కన వేయించింది నాయనే. తప్పు తనదే అనుకుంటే అదే బాధ పశ్చాత్తాపం అవుతుంది. ఒకే బోరు, ఒకే దుమ్ము. "ఎవరిది" అన్న ఒక్క గడి మారితే ఎమోషన్ మారిపోయింది. గొంతులో ఆ గడి ఎక్కడా వినబడదు.

ఊరి నుంచి తిరిగొచ్చాక ఇది పైథాన్‌లో రాసుకున్నాను. పెద్ద ప్రోగ్రాం ఏం కాదు. సంఘటన, ఆశ, శ్రమ, బాధ్యులు అని నాలుగు గడులు, కింద కొన్ని షరతులు. అంకెలు సున్నా నుంచి ఒకటి దాకా నేనే వేశాను. అది "పశ్చాత్తాపం, ఆశాభంగం" అని ప్రింట్ చేసినప్పుడు స్క్రీన్ ముందు కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

దీంట్లోనూ లోటు ఉంది. ఆ అంకెలు ఎవరు వేయాలి? అమ్మలాంటి మనిషి చెప్తేనే గడులు నిండుతాయి. ఇంకోటి, ఓసీసీ ఆ క్షణం గురించే చెప్తుంది. మర్నాడు పొద్దున నాయన, "ఆ బీట్ల అంతా బండనే, యాడ ఏసినా గంతే" అన్నాడు. తప్పు తన మీద నుంచి దించుకున్నాడు, ముఖం కొంచెం తేటపడింది. మనిషి తన బాధను ఇలా తనే సర్దుకోవడాన్ని కూడా లెక్కలో పెట్టిన మోడల్ గ్రాచ్, మార్సెల్లా 2004లో రాశారు, ఈఎంఏ అంటారు. ఓసీసీ అర్థమయ్యాక అది చదవండి. సొంతంగా రాయడం కష్టమనిపిస్తే ఫాతిమా టూల్‌కిట్ ఉంది, ఓసీసీ మీద కట్టిందే, ఓపెన్ సోర్స్.

మీరు "నిజంగా తెలిసినట్టేనా" అని అడిగారు. లేదు. ఓసీసీ రాసినవాళ్లు కూడా మిషన్‌కు ఎమోషన్ కలుగుతుందని చెప్పలేదు, మనిషికి ఏం కలిగి ఉంటుందో మిషన్ లెక్కగట్టగలదని మాత్రమే చెప్పారు. రోజలిండ్ పికార్డ్ అనే ఎంఐటీ ప్రొఫెసర్ 1997లో "అఫెక్టివ్ కంప్యూటింగ్" అని ఈ రంగం పేరుతోనే పుస్తకం రాసినప్పటి నుంచి గుర్తించడం, చూపించడం, లోపల లెక్కగట్టడం మూడూ వేర్వేరు పనులుగానే నడుస్తున్నాయి. రిపోర్టులో మీది మూడోది అని మొదటి పేజీలోనే రాయండి. ఇప్పటి చాట్‌బాట్లతోనూ చూశాను. నాయన మాట ఒక్కటే ఇస్తే ప్రశాంతంగా ఒప్పుకున్నారు అంది. మూడో బోరు, అప్పు అని కలిపితే మాట మార్చింది.

చేయవలసిన పని ఇలా పెట్టుకోండి. మీ ఊళ్లోనో హాస్టల్లోనో ఇరవై మందిని కలవండి. ఒక్కొక్కరిని ఈ మధ్య జరిగిన ఒక్క సంగతి చెప్పమనండి: బస్సు తప్పిపోవడం, మార్కెట్లో పల్లికి ధర రాకపోవడం, చెల్లె పెండ్లి కుదరడం. ఏం ఆశించారు, ఎవరి వల్ల అయింది అని అడిగి గడులు నింపండి. ఏమనిపించిందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత మోడల్ చెప్పింది, వాళ్లు చెప్పింది పక్కపక్కన పెట్టండి. ఎక్కడ కలవలేదో ఆ చోట్లే మీ ప్రాజెక్టులో అసలు విలువైనవి.

వాళ్ల మాటల్లోనే అని ఎందుకన్నానంటే, పాలమూరులో ఎవరూ "నాకు డిస్ట్రెస్ కలిగింది" అనరు. బుగులు అంటారు, రంది అంటారు, యాష్టకొచ్చింది అంటారు. రంది ఆ 22లో ఏది? భయం కాదు, దుఃఖం అంతకంటే కాదు. జరిగిపోయినదాన్నీ జరగబోయేదాన్నీ కలిపి మనసులో రోజుల తరబడి తిప్పుకోవడం అది. నాయనకు ఆ వారమంతా ఉన్నది రందే. ఆ ఒక్క మాటకు గడులు గీయగలిగితే, తెలుగులో ఇంతవరకు నా కంటబడని పని మీరు చేసినట్టు.

రికార్డు చేసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సెలవులైపోయి హైదరాబాద్ బస్సెక్కే ముందు నాయన అడిగాడు, "ఏమన్నదిరా నీ మిషన్, నా మాట ఇని?" అని. మామూలుగనే ఉన్నవన్నది నాయనా అన్నాను. తువ్వాల భుజం మీద సర్దుకుంటూ, "మంచిదే. మీ అమ్మకు గూడ గట్లనే చెప్పు" అన్నాడు.

ఆ క్లిప్‌ను మా టీమ్ డేటాలో కలపలేదు. మీరు సంతకం పెట్టించుకునే అనుమతి కాగితంలో, ఇచ్చిన తర్వాత కూడా "నాది తీసేయండి" అని చెప్పే వీలు ఉందని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి. చదువురాని వాళ్లకు మీరే చదివి వినిపించండి.