ఐదాకుల తీగా, మూడాకుల తీగా?

ప్రశ్న: వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చాను. వాళ్ల పెరటి వెనక అడవిలో చెట్లకు ఎగబాకిన తీగ ఒకటి అక్టోబరులో కుంకుమలా ఎర్రబడింది. మనవడు ముట్టుకోబోతే పక్కింటావిడ విషమని కేకేసింది. నిజమేనా? గింజలు తెప్పించి మా ప్రహరీ మీదికి పాకించాలని ఆశ.
– ఒక అమ్మమ్మ, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆకులు లెక్కపెట్టించండి. కాడ చివర అరచేయి చాపినట్టు ఐదుంటే వర్జీనియా క్రీపర్. మూడే ఉంటే పాయిజన్ ఐవీ కావచ్చు. అదీ ఎర్రబడుతుంది కాబట్టి రంగు చూసి పోల్చలేం. దాని జిడ్డు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. అది మన మామిడి, జీడిమామిడి కుటుంబమే. నూజివీడు తోటల్లో కాయలు కోసేవాళ్ల చేతులు సొన పడి కాలడం వినే ఉంటారు, ఆ జాతి మంటే ఇది.

లేత క్రీపర్‌కూ ఒక్కోసారి మూడాకులే వస్తాయి. అందుకని తీగ చెట్టును దేనితో పట్టుకుందో కూడా చూడమనండి. ఐవీ ముదురు కాడకు కొబ్బరి పీచులాంటి వేళ్లుంటాయి. క్రీపర్‌కైతే నులితీగలు, వాటి కొసల్లో బుల్లి బిళ్లలు.

ఆ బిళ్లలంటే నాకు ప్రాణం. గుంటూరులో 30 ఏళ్లు బోటనీ చెప్పినా, వాటిని కళ్లారా చూసింది రిటైరయ్యాకే, అమెరికాలో మా అబ్బాయి ఇంటి ఇటుకగోడ మీద. గోటితో లాగితే నులితీగ తెగింది గానీ బిళ్ల ఇటుకను వదల్లేదు. కనీసం 10 ఏళ్ల నాటి నులితీగ పాయ ఒక్కటి 2 పౌన్ల బరువు, అంటే సుమారు 900 గ్రాములు, ఆపిందని డార్విన్ రాశాడు. ఇలాంటి పట్టుంది కనకే 20 మీటర్ల చెట్టయినా ఎక్కేస్తుంది.

దాని నల్లటి నీలి పళ్లు పిట్టలకు చలికాలపు తిండి. మనకు మాత్రం విషమే, వాటిలో ఆగ్జలేట్లనే హానికర లవణాలుంటాయి. మనవణ్ణి నోట పెట్టుకోనివ్వకండి. రసం కొందరి ఒంటికి పడదు కూడా.

గింజలు మాత్రం తెప్పించకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు దేశంలోకి రానివ్వరు. వచ్చినా, చలిలో కొన్ని వారాలు నానితేగానీ అవి సరిగా మొలకెత్తవు. ఆ ఎరుపుకి చల్లని శరదృతువు కావాలి, బెజవాడలో అదెక్కడ?

క్రీపర్‌ది ద్రాక్ష కుటుంబం. మన నల్లేరూ అదే ఇంటిది. కణుపున్న ముక్క ప్రహరీ పక్కన గుచ్చండి, కంచె దొరికితే అల్లుకుపోతుంది. పచ్చడికి లేత కణుపులే తుంచండి. చేతులకు నూనె రాసుకుని నార తీయండి, దీనికీ దురద ఉంది.