ఎక్కడుంది, మాస్టారూ?

చి. మైథిలికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ పుస్తకాల గోష్ఠి నడిపే పని నీ నెత్తిన పడిందని రాశావు. నెలకో ఆదివారం, రెండు గంటలు, పదిహేను మంది. అందులో ముగ్గురికి అన్నీ తెలుసు, ఆరుగురికి ఏమీ తెలియదు, మిగిలినవాళ్ళు టీ వచ్చేదాకా నోరు విప్పరు. బెంగపడకు, ఏ గోష్ఠి చూసినా ఇంతే.

అన్నీ తెలిసినవాళ్ళ నోరు ఎలా మూయించాలని అడిగావు. మూయించొద్దు. వాళ్ళ దగ్గర సరుకుంది, ఎప్పుడు దించాలో తెలియదు, అంతే. కాబట్టి ముందు లెక్క వేసుకో.

‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు సంపుటాలుగా వచ్చింది గానీ లోపల ఉన్నవి ఆరు పుస్తకాలు. ప్రతి దాంట్లో అధ్యాయాల అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. ‘రెండో పుస్తకం’ అనగానే కొత్తవాళ్ళు రెండో సంపుటం తెరుస్తారు, పాతవాళ్ళు మొదటి సంపుటం సగంలో తెరుస్తారు. ఈ గందరగోళం లేకుండా ఆ ఆరింటినీ పర్వాలు అనండి. భారతం పుణ్యమా అని మనవాళ్ళకి ఆ మాట చప్పున పడుతుంది. పేజీ నంబర్లు ఎవరూ చెప్పకూడదు, ముద్రణకొక రకంగా ఉంటాయి. ‘రెండో పర్వం, ఐదో అధ్యాయం’ అంటే చాలు.

మొత్తం 62 అధ్యాయాలు. నెలకి ఐదు చొప్పున పెట్టుకో. మూడో నెలలో మాత్రం మూడే (ఒకటో పర్వం చివరి రెండూ, రెండో పర్వం మొదటిదీ), నాలుగో నెలలో రెండో పర్వం రెండో అధ్యాయం ఒక్కటే. అది ఎల్రాండ్ సభ, అంటే ఎల్రాండ్ అనే దొర ఇంట్లో కథలోని దుష్ట ఉంగరాన్ని ఏం చేయాలని జరిగే తర్జనభర్జన. చాలా పొడుగు, పేర్లు కుప్పలు, నడిచే కథ తక్కువ. మిగతా నాలుగింటితో కలిపి ఇచ్చావంటే సగం మంది చదవకుండా వచ్చి తల ఊపుతారు. ఇలా పోతే 14 నెలలకి అవుతుంది, చివరి నెలలో మూడే మిగులుతాయి కాబట్టి అనుబంధాలకీ చోటుంటుంది.

కొత్తవాళ్ళు జారిపోయే రెండో చోటు ఒకటో పర్వంలో ఆరు నుంచి ఎనిమిది దాకా, టామ్ బొంబడిల్ అధ్యాయాలు. ‘ఈయన ఎవరు? పాటలెందుకు?’ అంటారు. అన్నీ తెలిసిన పండితుడు వెంటనే ఐదు సిద్ధాంతాలు విప్పుతాడు. ఆపి, ఒక్క ముక్క చెప్పు: ఆయన్ని కావాలనే అంతుచిక్కని మనిషిగా వదిలేశానని రచయితే 1954లో ఒక ఉత్తరంలో రాశాడు. అర్థం కాకపోవడం తమ తప్పు కాదని తెలిస్తే కొత్తవాళ్ళు మూడో నెలకి కూడా వస్తారు.

సమావేశంలో మొదటి అరగంట పూర్తిగా మొదటిసారి చదివేవాళ్ళది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ‘నచ్చిందా?’ అని అడగకు, ‘బాగుందండీ’ అనేసి కూర్చుంటారు. ‘ఎక్కడ ఆగావు?’ అని అడుగు. ప్రతివాళ్ళూ ఎక్కడో ఒకచోట ఆగే ఉంటారు. ఆ అరగంటలో పాతవాళ్ళు మాట్లాడకూడదు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వకూడదు. మాట కన్నా ఆ నవ్వే ఎక్కువ మందిని ఇంటికి పంపిస్తుంది. అందుకే ముగ్గురినీ ఒకే వరసలో కూర్చోనివ్వకు. ఒక్కొక్కరిని ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య వెయ్యి. పక్కవాడికి పేజీ వెతికిపెట్టడంలో పడితే నోటికి పని తగ్గుతుంది.

ఇక అసలు మందు. ఎవరు ఏ సంగతి గట్టిగా చెప్పినా, మర్యాదగా, ఒకే గొంతుతో, ‘ఎక్కడుంది, మాస్టారూ?’ అని అడుగు. నిజంగా చదివినవాడి మొహం వెలిగిపోతుంది, పుస్తకం తిప్పుతాడు. వీడియోలు చూసి వచ్చినవాడు ‘అందరికీ తెలిసిందే కదండీ’ అంటాడు. ఎవరు ఎవరో నువ్వు తేల్చక్కర్లేదు. కొత్తవాళ్ళని కూడా అలాగే అడగాలి సుమా, లేకపోతే అది పెద్దవాళ్ళ మీద కక్షలా కనిపిస్తుంది.

చెప్పిన చోటు ఏ అరలోదో కూడా తేల్చాలి. రచయిత బతికుండగా అచ్చయినవి ఒక అర: ముందు కథ హాబిట్ 1937, పెద్ద కథ, అంటే లార్డ్ ఆఫ్ ద రింగ్స్, 1954-55. ఆయన 1973లో పోయాడు. ఆ లోకపు పాత పురాణాల పుస్తకం సిల్మరిలియన్ 1977లో కొడుకు క్రిస్టఫర్ చిత్తుప్రతుల్లోంచి ఏరి కూర్చింది, అది రెండో అర. 1980లో వచ్చిన అసంపూర్ణ కథలు, 1983 నుంచి 1996 దాకా వచ్చిన 12 సంపుటాల చిత్తులు, ఉత్తరాలు మూడో అర. సినిమాలు ఈ అరల్లో వేటిలోకీ రావు, వాటి బీరువా వేరు. తగవుల్లో చాలా భాగం ఒకడు ఒక అరలోంచి, ఇంకొకడు ఇంకో అరలోంచి మాట్లాడటం వల్ల వచ్చేవే. శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేదని పెళ్ళిపందిట్లో పేచీ పెట్టే మేనమామ ఉంటాడే, అదే రకం.

ఓర్క్‌ల పుట్టుక చూడు. ఓర్క్‌లు కథలో దుష్టసేనలోని వికృతజాతి, ఎల్ఫ్‌లు ముసలితనం లేని అందమైన జాతి. ‘ఎల్ఫ్‌లని చెరబట్టి పాడుచేస్తే పుట్టారు, సిల్మరిలియన్‌లో ఉంది, అంతే’ అంటాడు పండితుడు. ఉన్న మాట నిజమే. కానీ అక్కడే అది జ్ఞానులు నమ్మే సంగతి అని కూడా ఉంది. చిత్తుల్లో పదో సంపుటం, 1993లో వచ్చింది, తీస్తే రచయిత ఆ జవాబుతో తృప్తి పడక మనుషులనీ, జంతువులనీ రకరకాలుగా మార్చి చూసుకున్నాడని తెలుస్తుంది. ఈ పని పండితుడి చేతే చేయించు. ‘వచ్చే నెల పది నిమిషాలు మీవి, మూడు జవాబులూ పక్కపక్కన పెట్టి చూపించండి’ అను. ఒక్క జవాబుతో వాదించేవాడు మూడు వెతకడానికి కూర్చుంటే గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఐదో నెలలో బాల్రోగ్ అనే నిప్పుల భూతానికి రెక్కలున్నాయా లేవా అన్న రభస తప్పదు. వాదన మొదలు కాకముందే రెండో పర్వం ఐదో అధ్యాయం తెరిచి రెండు చోట్లు పైకి చదివించు, కొత్తవాళ్ళ చేత. మొదటి చోట దాని చుట్టూ ఉన్న నీడ రెండు పెద్ద రెక్కల్లా చాచుకుంది అని ఉంటుంది. కాస్త కిందికి వస్తే దాని రెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకున్నాయి అని. మొదటిది ఉపమ, అందులో తగవు లేదు. రెండోది ఆ ఉపమనే ‘లాగా’ తీసేసి కొనసాగించడమా, నిజం రెక్కలా? ‘చంద్రుడిలాంటి మొహం’ అని ఒకసారి అన్నాక ‘ఆ చంద్రుడికి మబ్బేసింది’ అంటే మనం ఆకాశంలోకి చూడం. అలా చదివితే రెక్కల్లేవు. లేదు, ఉన్నది ఉన్నట్టు చదువుతానంటే ఉన్నాయి. వాక్యం రెండు దారులూ ఇస్తోంది. పదిహేను నిమిషాలు దాటనివ్వకు. నేనైతే నీడ పక్షమే, అక్కడ మాత్రం చెప్పకు.

‘గద్దల మీద ఎక్కి వెళ్ళి ఉంగరం పారేసి రావచ్చుగా?’ అని ప్రతి కొత్తవాడూ అడుగుతాడు. ఫ్రోడో అనే కుర్రాడు ఆ ఉంగరాన్ని మోసుకెళ్ళి అగ్నిపర్వతంలో పడేయాలన్నదే కదా కథంతా. పాతవాళ్ళు నిట్టూరుస్తారు. అది వాళ్ళకి వందోసారి, అడిగినవాడికి మొదటిసారి. సూటి జవాబు కథలో లేదు. ఎల్రాండ్ సభలో మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పే ఒక ముక్క మాత్రం చూపించు: తాను వార్త మోయడానికి వచ్చాను గానీ బరువులు మోయడానికి కాదు అంటుంది గ్వైహిర్ అనే గద్ద. దాని మీద మిగతాది వాళ్ళనే ఊహించుకోనివ్వు.

నోరు జారడం సంగతి. 70 ఏళ్ళ నాటి కథకి రహస్యమేమిటని పండితులంటారు. నీ లెక్కలో గాండాల్ఫ్ ఐదో నెలలో వంతెన మీంచి పడతాడు. మళ్ళీ కనిపించేది మూడో పర్వం ఐదో అధ్యాయంలో, అంటే ఏడో నెలలో. మధ్యలో ఆ రెండు నెలలూ నాలుక పట్టుకోవాలి. సినిమా చూడనివాళ్ళు ఒక్కరున్నా సరే. ఇందుకు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొను. ఎవరైనా ముందుకి దూకితే, ‘మీరు చెప్పేది నిజమే కావచ్చు, ఆ అధ్యాయం ఏడో నెలలో ఉంది, అప్పుడు మొదట మీరే చెబుదురు’ అని, పేరు, అధ్యాయం, నెల రాసుకో. ఆ నెల రాగానే తప్పకుండా ఆయన్నే పిలు. ఒక్కసారి మర్చిపోయావా, ఆ పుస్తకం మీద మళ్ళీ ఎవరికీ నమ్మకం ఉండదు.

ఉచ్చారణ దిద్దడం మధ్యలో వద్దు. పెద్ద కథ చివరి అనుబంధం ఇ (E) ప్రకారం ఇంగ్లీషు సి (c) అక్షరం ఎప్పుడూ క, అందుకని Celeborn అనే పేరు కెలెబోర్న్. ఏయూ (au) మన ఔకారమే, సౌరాన్, స్మౌగ్. ఎవరైనా ‘సెలెబోర్న్’ అంటే వాళ్ళ మాట పూర్తి కానిచ్చి, నీ తర్వాతి వాక్యంలో ‘కెలెబోర్న్’ అని మామూలుగా అనేసి పో. రెండు నెలల్లో వాళ్ళే సర్దుకుంటారు.

సినిమా చూసి వచ్చినవాళ్ళు ఏటిదగ్గర, వెంటాడే నల్ల రౌతుల నుంచి ఫ్రోడోని కాపాడింది ఎల్రాండ్ కూతురు ఆర్వెన్ అంటారు. పుస్తకంలో గుర్రం ఇచ్చేది గ్లోర్ఫిండెల్ అనే ఎల్ఫ్, దాని మీద ఫ్రోడో ఒక్కడే ఏరు దాటతాడు. ‘తప్పు’ అనకుండా ‘ఎందుకు మార్చి ఉంటారు?’ అని అడిగితే ఆ మనిషి సిగ్గుపడకుండా ఆలోచిస్తాడు. పుస్తకమే మారిన చోటు కూడా ఉంది. హాబిట్ ఐదో అధ్యాయంలో, 1937 ముద్రణలో గుహలో ఉండే గోలమ్, కథానాయకుడు బిల్బోతో వేసిన పొడుపుకథల పందెం ఓడితే ఉంగరం ఇవ్వడానికి సిద్ధపడినవాడే. 1951 ముద్రణకి రచయిత దాన్ని తిరగరాసి, పాత కథ బిల్బో చెప్పిన అబద్ధమని పెద్ద కథలో సర్దాడు. మూలం మూలం అనే మాస్టారికి ఇది మొదటి నెలలోనే ఒప్పజెప్పు, చక్కగా చెబుతారు.

‘మొదట్నుంచీ చదవాలి కదా’ అని సిల్మరిలియన్‌తో మొదలుపెట్టే ఉత్సాహవంతుణ్ణి మాత్రం ఆపు. హాబిట్ 19 అధ్యాయాలు, తర్వాత పెద్ద కథ, అనుబంధాలు, ఆపైన అది. పెద్ద కథ ముందున్న పీఠిక కూడా మొదటి అధ్యాయం అయ్యాకే చదవమను.

మూడో నెలకి ఆ ఆరుగురిలో ఒకడు కొత్త పండితుడై తేలతాడు. మిగిలిన ఐదుగురినీ దిద్దడం మొదలుపెడతాడు. అతన్ని పక్కకి పిలిచి ఎల్రాండ్ సభకి పేర్ల కాగితం తయారుచేసే పని ఇవ్వు: ఎవరు, ఏ జాతి, ఎక్కడి నుంచి వచ్చారు, అంతే, చివరికి ఏమవుతారో రాయకూడదు. ఒక్క పేజీ దాటకూడదు. పదహారు కాపీలు తీయించు, ఒకటి ఎవరో ఒకరు ఇంట్లో మర్చిపోతారు.

మీ
పెదనాన్న