నలభైలో చరిత్ర, తత్వశాస్త్రం

ప్రశ్న: పెళ్లయి లండన్‌లో స్థిరపడ్డాను. ఇంటర్‌లో ఎంపీసీ. ఇప్పుడు చరిత్ర, తత్వశాస్త్రం కలిపి చదవాలని ఉంది. ఫౌండేషన్ ఇయర్ పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేరండమ్మా. నేనూ నలభయ్యో ఏట ఇంగ్లండ్‌లో ఆ దారినే వెళ్లాను. డిగ్రీకి ముందు ఒక ఏడాది, మొత్తం నాలుగేళ్లు. మొదటి వ్యాసంలో పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. “ఇందులో మీ వాదన ఏది?” అని ట్యూటర్ పక్కన రాశారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పదిహేనేళ్ల బడి చదువులో నన్నెవరూ అలా అడగలేదు! రేపు సూర్యుడు ఉదయిస్తాడని ఎందుకు నమ్ముతామన్న తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ప్రశ్న చదివాక, ఒకదానికి మరొకటి కారణమని రుజువు చేయడం ఎంత కష్టమో తెలిసి, చరిత్రలో ‘ఎందువల్ల’ అన్న మాటను తేలిగ్గా రాయలేకపోయాను.

ఫీజు సంగతి: అక్కడి స్థానిక విద్యార్థులకు 2025-26 నుంచి ఇలాంటి సబ్జెక్టుల ఫౌండేషన్ ఏడాదికి గరిష్ఠం 5,760 పౌండ్లు. విద్యార్థి వీసాపై వచ్చేవారికి ఈ పరిమితి లేదు. మీరు ఏ కోవలోకి వస్తారో దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయాన్ని అడగండి.