కోడు ఉచితమైనా కోడెక్ సంగతి వేరు

రాయగడ

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. గుణుపురంలో మీరంతా కలిసి చేస్తున్న యాప్ గురించి మీ అమ్మ చెప్పింది. చదవడం రాని సవర, కువి భాషల పెద్దవాళ్లు కూడా గొంతుతో కబురు పంపుకోవచ్చంటే నాకెంతో సంతోషం. ఆ కొండల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో టెలిఫోన్ శాఖలో పనిచేసిన నాకు తెలుసు. కానీ గొంతును చిన్న ఫైలుగా కుదించే ఏఎమ్మార్ కోడెక్ పెడుతున్నామని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాక టెన్షన్ పట్టుకుంది.

ఆ కోడెక్‌ని నడిపే ఓపెన్‌కోర్ ఏఎమ్మార్ కోడు, ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే అపాచీ 2.0 లైసెన్సులో దొరుకుతుంది కాబట్టి ఫ్రీ అన్నావు. ఆ లైసెన్సు వర్తించేది కోడుకీ, ఆ కోడు ఇచ్చినవాళ్ల సొంత పేటెంట్లకీ మాత్రమే. ఏఎమ్మార్ పద్ధతి మీద పేటెంట్లు నోకియా, ఎరిక్సన్ లాంటి వేరే కంపెనీలవి. ఒక్క లైను కాపీ కొట్టకుండా నువ్వే మొత్తం రాసినా, ఆ పద్ధతి వాడితే పేటెంటు అడ్డొస్తుంది.

మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంటు లేదని మీ స్నేహితులు అంటారేమో. దాన్ని నమ్ముకోవద్దు. 2013లో మైక్రోమ్యాక్స్ మీద ఎరిక్సన్ ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో ఏఎమ్మార్ పేటెంట్లూ ఉన్నాయి. పైగా పేటెంటు ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది, యాప్ మాత్రం ఎక్కడివాళ్లయినా దించుకుంటారు.

పేటెంటు గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. ఏఎమ్మార్ 1999 నాటి ప్రమాణం, పాత పేటెంట్లు చాలావరకు తీరిపోయే ఉంటాయి. అయినా ప్రమాణం వచ్చిన ఏడాది చూసి లెక్క కట్టకు, ఆ తర్వాత పెట్టిన దరఖాస్తులూ ఉండొచ్చు. జి.729 అనే ఇంకో గొంతు కోడెక్ విషయంలో లైసెన్సులిచ్చే కంపెనీల కూటమే, చాలా పేటెంట్లకు 2017 జనవరి 1తో గడువు తీరిందని చెప్పింది. అలాంటి స్పష్టమైన మాట ఉంటేనే ధైర్యంగా వాడుకోవచ్చు.

నా మాట విని ఓపస్ అనే కోడెక్‌కి మారిపో. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ నుంచి 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6716 అనే ప్రమాణ పత్రంగా వచ్చింది. కోడు బీఎస్‌డీ అనే ఉచిత లైసెన్సులో ఉంది. జిఫ్ (Xiph) సంస్థ, బ్రాడ్‌కామ్, మైక్రోసాఫ్ట్ తమ పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చాయి. దాని మీదా కొన్ని కంపెనీలు హక్కులు చెప్పుకున్నాయి, ఐఈటీఎఫ్ దగ్గర ఆ ప్రకటనలు అందరికీ కనిపిస్తాయి, ఓసారి చదువు. అయినా ఇప్పుడున్న వాటిలో నేను చెప్పగలిగింది ఇదే. సైజు పెరుగుతుందని భయపడకు. సెకనుకి 12 కిలోబిట్ల వేగంలో నిమిషం మాటకి 90 కిలోబైట్లు అవుతుంది. ఏఎమ్మార్ 12.2 కిలోబిట్లతో పోలిస్తే తేడా ఏమీ లేదు, వినడానికి ఓపస్సే బాగుంటుంది.

పాత ఫోన్లలో రికార్డు చేసిన ఏఎమ్మార్ ఫైళ్లు ఎలాగూ వస్తాయి. వాటిని విప్పి వినిపించే డీకోడర్ని యాప్‌లో కలిపి పంచకు. ఆండ్రాయిడ్ ఫోనులోనే ఉన్న డీకోడర్ని పిలిపించి, వెంటనే ఓపస్‌లోకి మార్చెయ్యి. ఏ భాగం ఏ లైసెన్సులో ఉందో కోడుతో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్లో తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. రేపు ఇంకెవరో కుర్రాడు మీ కోడు తీసుకుంటాడు, వాడు చిక్కుల్లో పడకూడదు.

యాప్ బిల్డు బయటికి వదిలే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆడియో మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ టూలులో ఏ భాగాలు కలపాలో చెప్పే కాన్ఫిగర్ లైను పూర్తిగా చదివి వినిపించు, అందులో ఓపెన్‌కోర్ అన్న పేరు ఇంకా ఉందేమో చూద్దాం.

మీ మావయ్య